వినాయక చవితి పత్రి: ఇరవై ఒక్క ఆకులూ గుర్తుపట్టి పూజ చేసుకునే పద్ధతి

చవితినాడు పొద్దున్నే బజారుకెళ్ళి పత్రి కట్ట కొనుక్కొచ్చి, పూజలో ఒక్కో నామానికి చేతికందిన ఆకు తుంచి వేయడం చాలా ఇళ్ళలో అలవాటైపోయింది. నోరు "బిల్వపత్రం పూజయామి" అంటుంటే చేతిలో ఉన్నది ఏ చెట్టు ఆకో ఎవరికీ తెలియదు. ఈ పండుగకు ప్రాణం పత్రిపూజ. ఏడాది పొడుగునా మనం పట్టించుకోని గట్టు మీది ఉత్తరేణిని, చేలోని గరికను, దిబ్బ మీది ఉమ్మెత్తను పేరుపెట్టి పిలిచి స్వామి పాదాల దగ్గర ఉంచే రోజు ఇదొక్కటే. ఒకరోజు ముందు కాస్త తిరిగి వెతికితే చాలు, సరైన ఆకుతో సరైన నామం చెప్పుకోవచ్చు.

ముందుగా రోజు చూసుకోండి. భాద్రపద శుద్ధ చవితి తిథి మధ్యాహ్న సమయానికి ఏ రోజు ఉంటే ఆ రోజే పండుగ. సూర్యోదయానికి చవితి లేకపోయినా మధ్యాహ్నానికి ఉంటే సరిపోతుంది. అందుకే కొన్ని పండుగల్లా ఉదయ తిథిని చూసి నిర్ణయించుకోకండి. మీ ఇంట్లో వాడే పంచాంగం ఏం చెబుతుందో అదే పాటించండి.

మూడు నాలుగు రోజుల ముందు: మట్టి బొమ్మ

బొమ్మ మీరే చేసుకోవాలనుకుంటే చెరువు మట్టి గానీ కుమ్మరి దగ్గర దొరికే బంకమట్టి గానీ తెచ్చుకోండి. ఆరంగుళాల విగ్రహానికి కిలో నుంచి కిలోన్నర మట్టి పడుతుంది. మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి రాళ్ళూ వేళ్ళూ తీసేయాలి. తర్వాత నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరిస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా పిసకాలి. చాలామంది చేసే పొరపాటు నీళ్ళు ఎక్కువ పోయడం. మెత్తటి మట్టితో చేసిన బొమ్మ ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయి, తొండం దగ్గరా మెడ దగ్గరా పగులుతుంది. పీట, పొట్ట, తల, తొండం, చేతులు విడివిడిగా చేసి, అతికించే రెండు చోట్లా పుల్లతో గీతలు గీసి, పలచటి మట్టి నీరు రాసి నొక్కండి. గీతలు గీయకుండా అతికిస్తే చెయ్యి ఊడి వచ్చేస్తుంది.

ఆరబెట్టడం నీడలోనే. ఎండలో పెడితే పైపొర ముందు ఆరిపోయి లోపలి తేమ బయటికి రాలేక పగుళ్ళు వస్తాయి. వర్షాకాలం కాబట్టి రెండు మూడు రోజులు పట్టవచ్చు. రంగులు అక్కర్లేదు. కళ్ళకు రెండు మిరియాలో గురిగింజలో అద్దితే చాలు. గురిగింజలు విషపు గింజలు, చిన్నపిల్లలున్న ఇంట్లో మిరియాలే మేలు. బొమ్మ కొనేవాళ్ళు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌ది కాకుండా పచ్చిమట్టిది అడిగి తెచ్చుకోండి. అడుగున గోటితో గీసి తడి చేస్తే మట్టి వేలికి అంటాలి. ప్లాస్టర్ అయితే తెల్లగా పొడి రాలుతుంది.

ముందు రోజు: పత్రి సేకరణ

ఆకులను పూజ వరుసలో కాకుండా అవి దొరికే చోటును బట్టి వెతికితే ఒక్క తిరుగుడులో పని అయిపోతుంది.

పూల అంగట్లో అడగాల్సినవి మూడు: మాచిపత్రి, మరువం, జాజి. మాచిపత్రి ఆకు చామంతి ఆకులాగే చీలికలు చీలికలుగా ఉంటుంది. అందుకే దాని బదులు చామంతి కొమ్మ కట్టలోకి వచ్చేస్తుంటుంది. ఆకు తిప్పి చూడండి. మాచిపత్రి అడుగువైపు తెల్లటి నూగుతో ఉంటుంది, నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. మరువానికి దవనం ఇచ్చేస్తారు. మరువం ఆకులు చిన్నవిగా, కోడిగుడ్డు ఆకారంలో నిండుగా ఉంటాయి. దవనం ఆకు సన్నటి పోగుల్లా చీలి ఉంటుంది.

ఇంటి పెరట్లోనో పక్కింటి పెరట్లోనో దొరికేవి తులసి, దానిమ్మ, మామిడి, గన్నేరు. గన్నేరు విషయంలో జాగ్రత్త. పూజలో చెప్పే కరవీరం అంటే ఎర్రగానో తెల్లగానో గులాబీ రంగులోనో పూసే గన్నేరు, కణుపుకు మూడేసి పొడవాటి ఆకులు ఉండేది. పచ్చగన్నేరు వేరు, బిళ్ళగన్నేరు వేరు. ఇక తులసి మామూలు రోజుల్లో వినాయకుడికి వాడరు. తులసి, గణపతి ఒకరినొకరు శపించుకున్న కథ పురాణంలో ఉంది. చవితినాడు ఇరవై ఒక్కటిలో ఒకటిగా మాత్రం ఆమెకు చోటుంది. కాబట్టి పత్రపూజలో తులసి దళం వేయండి, తులసి మాల మాత్రం వేయకండి.

రోడ్డు పక్కన, పొలం గట్ల మీద ఎక్కువ దొరుకుతాయి. గరిక అందరికీ తెలుసనుకుంటారు గానీ కట్టల్లో తుంగ కలిసి వస్తుంది. కాడను రెండు వేళ్ళ మధ్య తిప్పి చూడండి: తుంగ కాడ మూడు పలకలుగా తగులుతుంది, గరిక కాడ గుండ్రంగా, కణుపులతో నేల మీద పాకుతూ ఉంటుంది. ఉత్తరేణికి పొడవాటి కంకి ఉంటుంది, పక్కనుంచి నడిస్తే గింజలు బట్టలకు పట్టుకుంటాయి. వాకుడు (బృహతి) మొక్కకు కాడ మీదే కాదు, ఆకు ఈనెల మీద కూడా ముళ్ళుంటాయి, ఊదారంగు పూలు పూస్తుంది. కత్తెర తీసుకెళ్ళండి. ఉమ్మెత్త కాయ నిండా ముళ్ళు. జిల్లేడు ఆకు మందంగా ఉండి, తుంచగానే పాలు కారుతుంది. ఆ పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

విష్ణుక్రాంత కనిపెట్టడం కొంచెం కష్టం. నేలబారుగా పాకే చిన్న మొక్క, వేలిగోరంత నీలి పువ్వు. పొద్దున పూట వెతికితే పువ్వు విచ్చుకుని ఉంటుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోయి గడ్డిలో కలిసిపోతుంది. పందిరికి అల్లుకునే శంఖుపువ్వు తీగను విష్ణుక్రాంత అని ఇవ్వడం మామూలే, అది వేరే మొక్క.

చెట్ల దగ్గరికి వద్దాం. మారేడు మూడేసి రేకులుగా ఉంటుంది. వెలగ రెమ్మకు ఐదారు చిట్టాకులు ఉంటాయి కనుక లెక్కపెడితే తేలిపోతుంది. రేగు ఆకుకు తొడిమ దగ్గరినుంచి మూడు ఈనెలు బయల్దేరతాయి, అడుగు తెల్లగా ఉంటుంది. రావి ఆకు కొస తోకలా సాగి ఉంటుంది. తోక పొట్టిగా ఉండి చెట్టుకు పసుపు పూలు కనిపిస్తే అది గంగరావి. వావిలి ఆకు చెయ్యి చాచినట్టు ఐదు వేళ్ళుగా ఉంటుంది, అడుగు బూడిదరంగు. బాలింతల స్నానానికి కాచే ఆకు ఇదే కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు వాసన చూసి చెప్పేస్తారు. తెల్లమద్ది ఆకును తొడిమ దగ్గర తిప్పి చూస్తే ఆవగింజల్లాంటి రెండు బుడిపెలు ఉంటాయి. చెట్టు బెరడు లేతరంగులో నున్నగా ఉంటుంది.

ఎక్కువమంది మోసపోయేది జమ్మి దగ్గర. జమ్మి పేరుతో సర్కారు తుమ్మ రెమ్మలు అమ్ముతారు. సర్కారు తుమ్మ ముళ్ళు ఆకు మొదట్లో, సాధారణంగా జంటగా వస్తాయి, ఆకు పచ్చగా, చిట్టాకులు పొడవుగా ఉంటాయి. జమ్మికి ముళ్ళు చిన్నవి, కొమ్మ మీద అక్కడొకటి ఇక్కడొకటి చెదురుగా ఉంటాయి. చిట్టాకులు చిన్నవి, కాస్త బూడిద కలిసిన పచ్చ. ఊరి గుడిలో జమ్మిచెట్టు ఉంటే అడిగి ఒక్క రెమ్మ తెచ్చుకోండి. దసరాకు ఎలాగూ ఆ చెట్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళమే కదా.

ఇక రెండు మిగిలాయి. దేవదారు హిమాలయాల చెట్టు, ఆకు సూదుల్లా ఉంటుంది. మన మైదానాల్లో దొరకదు. కట్టలో ఆ పేరుతో వచ్చేది వేరే ఏదో ఆకు. గండకీ పత్రం ఏ మొక్కదన్న దానిపై పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. చాలామంది దేవకాంచనం వాడతారు, ఆకు గిట్టలా మధ్యకు చీలి ఉంటుంది. దొరకని ఆకుకు బదులు ఏదో ఒక ఆకు వేసి ఆ పేరు చెప్పడం కంటే అక్షతలు వేసి నామం చెప్పుకోవడమే మంచిది. దొరకని ద్రవ్యానికి బదులు అక్షతలు సమర్పించే వీలు పూజా సంప్రదాయంలో ఎప్పుడూ ఉంది.

ఎంత కోయాలి? ఒక్కో రకం రెండు మూడు ఆకులు చాలు, కొమ్మలు విరవొద్దు. గరిక మాత్రం పాతిక జతలు కోసుకోండి. పత్రపూజకు ఒక జత, చివర దూర్వాయుగ్మ పూజలో పది నామాలకు పది జతలు పోను, మిగిలినవి చిన్న మాలకు వస్తాయి. కోసినవాటిని కడిగి, నీరు ఓడ్చి, తడిబట్టలో చుట్టి నీడలో ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే తెల్లారేసరికి చెమట పట్టి నల్లబడతాయి. జమ్మి రెమ్మ వాడిపోతే చిట్టాకులు రాలిపోతాయి కాబట్టి దాన్ని చిన్న గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మూడూ విషమే. ఇవి ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిండి కలపండి. పళ్ళెంలో ఈ మూడింటినీ ఒక పక్కకు పెట్టి, ప్రసాదానికి తగలకుండా చూసుకోండి.

పండుగ పొద్దున: పాలవెల్లి, నైవేద్యం

పాలవెల్లి అంటే ఆకాశంలోని పాలపుంతకు గుర్తు. చెక్క చట్రాన్ని కడిగి పసుపు రాసి, బొట్లు పెట్టి, నాలుగు మూలలకూ సమానమైన నూలు తాళ్ళు కట్టి బొమ్మ తలకు అడుగు ఎత్తున వేలాడదీయండి. ముందు మామిడాకులు, పత్రి, తర్వాత కాయలు. వెలగకాయ, సీతాఫలం, మొక్కజొన్న పొత్తు, దానిమ్మ, జామ, ఏదైనా సరే ఒక మూలన ఒకటి కడితే వెంటనే ఎదురు మూలన అంతే బరువుది కట్టండి. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వస్తే చట్రం వాలిపోయి ముడులు జారతాయి. వెలగకాయ గుండ్రంగా నున్నగా ఉంటుంది కాబట్టి ఒక్క చుట్టుతో నిలవదు. దారాన్ని కూడికగుర్తులా అడ్డంగా, నిలువుగా చుట్టి పైన ముడి వేయండి. దీపం పాలవెల్లి కింద కాకుండా పక్కకు పెట్టుకోండి.

ఉండ్రాళ్ళకు గ్లాసున్నర బియ్యపు రవ్వ, మూడు గ్లాసుల నీళ్ళు, రెండు చెంచాల శనగపప్పు, చెంచా నెయ్యి, తగినంత ఉప్పు. అరగంట నానిన పప్పును నీళ్ళలో వేసి మరిగించి, రవ్వ ఉండలు కట్టకుండా పోసి కలిపి, మూతపెట్టి సన్నసెగ మీద ఎనిమిది పది నిమిషాలు మగ్గనివ్వండి. దించి పది నిమిషాలు ఆగి, గోరువెచ్చగా ఉన్నప్పుడు చెయ్యి తడిచేసుకుంటూ నిమ్మకాయంత ఉండలు చుట్టాలి. ఇరవై ఒకటి నైవేద్యానికి పోను నాలుగైదు మిగులుతాయి. చుట్టిన ఉండలన్నిటినీ ఆవిరి మీద పది నిమిషాలు ఉడికించండి. చుట్టేటప్పుడు పగులుతుంటే నీళ్ళు తక్కువైనట్టు, రెండు చెంచాల వేడినీళ్ళు చిలకరించి మూతపెడితే సర్దుకుంటుంది. చేతికి అంటుకుంటుంటే కొత్తబియ్యం రవ్వ అయి ఉంటుంది, మళ్ళీ సన్నసెగ మీద కాసేపు పెట్టి తడి ఆరనివ్వండి. పూర్తిగా చల్లారాక చుడితే మాత్రం ఏం చేసినా ఉండ నిలవదు.

అక్షతలకు పావుకిలో నూకలేని బియ్యం, అర చెంచా పసుపు, చెంచా నెయ్యి. నీళ్ళతో కలిపితే ముద్ద కట్టి చేతినుంచి జారవు.

పూజ క్రమం

పత్రిని పూజకు కూర్చునే ముందే పేర్చుకోండి. పెద్ద అరిటాకు మీద ఏడేసి ఆకుల చొప్పున మూడు వరుసలు. వరుస ఇది:

మొదటి ఏడు: సుముఖాయ నమః మాచీపత్రం, గణాధిపాయ నమః బృహతీపత్రం (వాకుడు), ఉమాపుత్రాయ నమః బిల్వపత్రం (మారేడు), గజాననాయ నమః దూర్వాయుగ్మం (గరిక జత), హరసూనవే నమః దత్తూరపత్రం (ఉమ్మెత్త), లంబోదరాయ నమః బదరీపత్రం (రేగు), గుహాగ్రజాయ నమః అపామార్గపత్రం (ఉత్తరేణి).

రెండో ఏడు: గజకర్ణాయ నమః తులసీపత్రం, ఏకదంతాయ నమః చూతపత్రం (మామిడి), వికటాయ నమః కరవీరపత్రం (గన్నేరు), భిన్నదంతాయ నమః విష్ణుక్రాంతపత్రం, వటవే నమః దాడిమీపత్రం (దానిమ్మ), సర్వేశ్వరాయ నమః దేవదారుపత్రం, ఫాలచంద్రాయ నమః మరువకపత్రం.

మూడో ఏడు: హేరంబాయ నమః సింధువారపత్రం (వావిలి), శూర్పకర్ణాయ నమః జాజీపత్రం, సురాగ్రజాయ నమః గండకీపత్రం, ఇభవక్త్రాయ నమః శమీపత్రం (జమ్మి), వినాయకాయ నమః అశ్వత్థపత్రం (రావి), సురసేవితాయ నమః అర్జునపత్రం (మద్ది), కపిలాయ నమః అర్కపత్రం (జిల్లేడు).

ప్రతి నామం చివరా "పూజయామి" అనాలి. కొన్ని పుస్తకాల్లో ఒకటి రెండు నామాలు అటూ ఇటూ అవుతాయి. మీ ఇంట్లో ఏ వరుస నడుస్తోందో అదే ఉంచుకోండి. పిల్లలుంటే ఆకు అందించే పని వాళ్ళకివ్వండి. ఒకరు నామం చదువుతుంటే ఇంకొకరు ఆకు పేరు పైకి చెప్పి అందిస్తే, రెండేళ్ళలో ఇరవై ఒక్క మొక్కలూ వాళ్ళకు ముఖపరిచయమవుతాయి.

అసలు పూజ దీపారాధన, ఆచమనంతో మొదలవుతుంది. తర్వాత సంకల్పం. అందులో శ్రీశైలానికి మీ ఊరు ఏ దిక్కున ఉందో చెప్పుకోవాలి. విజయవాడ, విశాఖపట్నం వాళ్ళకు ఈశాన్య ప్రదేశే. సంవత్సరం పేరు ఉగాదికి మారుతుంది కనుక పాత పుస్తకంలో అచ్చయిన పేరు చదివేయకండి. 2026 ఉగాది నుంచి పరాభవ నామ సంవత్సరం. ఆ పైన దక్షిణాయనే, వర్ష ఋతౌ, భాద్రపద మాసే, శుక్ల పక్షే, చతుర్థ్యాం.

కలశారాధన అయ్యాక ముందు పసుపు గణపతికి పూజ. మట్టి వినాయకుడున్నాడు కదా, మళ్ళీ ఇదెందుకని కొందరు వదిలేస్తారు. వ్రతం నిర్విఘ్నంగా జరగాలని చేసేది ఇది, వ్రతదైవానికి చేసేది తర్వాతిది. రెండూ ఉండాలి. పసుపులో నీళ్ళు చుక్కలు చుక్కలుగా కలిపి వేలి కొసంత గోపురంలా చేసి తమలపాకు మీద నిలబెట్టండి. బెల్లం ముక్క నైవేద్యం పెట్టి, ఆకును కొద్దిగా ఉత్తరానికి జరిపి ఉద్వాసన చెప్పాలి.

ఆ తర్వాత మట్టి విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ, షోడశోపచారాలు. పంచామృత స్నానం దగ్గర జాగ్రత్త. పచ్చిమట్టి మీద పాలూ పెరుగూ పోస్తే బొమ్మ కరిగిపోతుంది. పువ్వు పంచామృతంలో ముంచి, విగ్రహానికి చూపించి పళ్ళెంలో విడిచిపెడితే స్నానం చేయించినట్టే. వస్త్రం, యజ్ఞోపవీతం, గంధం, పుష్పం, అంగపూజ అయ్యాక పత్రపూజ, ఆపైన నూట ఎనిమిది నామాలు. ధూపం, దీపం, నైవేద్యం, తాంబూలం, నీరాజనం, చివర దూర్వాయుగ్మ పూజ. పిల్లల పుస్తకాల మీద పసుపు, కుంకుమలతో శ్రీకారం రాసి విగ్రహం పక్కన పెట్టించడం మరిచిపోకండి.

కథాక్షతలు

కథ మొదలుపెట్టే ముందే ఇంట్లో ప్రతి ఒక్కరి చేతిలో అక్షతలు ఉండాలి. సగం కథలో వచ్చినవాళ్ళకు కూడా ఇవ్వండి. గజాసురుడి కథ, గణాధిపత్యం, చంద్రుడు నవ్వడం, ఇవన్నీ చదువుకుంటూ శమంతకోపాఖ్యానానికి వచ్చేసరికి తొందరపడతారు. నిజానికి ఈ అక్షతల ఫలితమంతా అక్కడే ఉంది. పాలలో చవితి చంద్రుడి నీడ చూసిన పాపానికి కృష్ణుడంతటివాడు మణి దొంగిలించాడన్న నింద మోశాడు. ఆ మణి ధరించి వేటకెళ్ళిన సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడిని సింహం చంపింది, సింహాన్ని జాంబవంతుడు చంపి మణిని బిడ్డ ఉయ్యాలకు ఆటవస్తువుగా కట్టాడు. కృష్ణుడు జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడి మణి తెచ్చి నింద పోగొట్టుకున్నాడు. జాంబవతి, సత్యభామలతో పెళ్ళిళ్ళు అలా కుదిరినవే. కథ అయ్యాక కొన్ని అక్షతలు స్వామి మీద వేసి, మిగిలినవి ఎవరి తల మీద వాళ్ళు చల్లుకోవాలి. చిన్నవాళ్ళకు పెద్దలు వేయాలి.

పూజ కుదరనివాళ్ళు, పొరపాటున చంద్రుణ్ణి చూసినవాళ్ళు ఉయ్యాలలో పాపకు పాడిన ఈ శ్లోకం చదువుకుంటారు:

సింహః ప్రసేనమవధీత్ సింహో జాంబవతా హతః
సుకుమారక మారోదీః తవ హ్యేష స్యమంతకః

చవితి చంద్రుడు పొద్దు గుంకగానే పడమటి దిక్కున కనిపిస్తాడు. ఆ కాసేపు అటువైపు చూడకుంటే చాలు.

ఉద్వాసన, నిమజ్జనం

అదే రోజు గానీ, మూడు, ఐదు, తొమ్మిది రోజులకు గానీ తీయవచ్చు. ఉంచినన్నాళ్ళూ రెండు పూటలా దీపం, నైవేద్యం తప్పకూడదు. అది వీలుకాదనిపిస్తే మర్నాడే ఉద్వాసన చెప్పుకోండి. పునఃపూజ చేసి, విగ్రహాన్ని పీటతో సహా కొద్దిగా కదిపి, పూలు, పత్రి, దారాలు, కళ్ళకు పెట్టిన గింజలు అన్నీ తీసేశాక నీళ్ళలో దించాలి. ఆరంగుళాల బొమ్మకు పది లీటర్ల బకెట్ సరిపోతుంది. నెమ్మదిగా దించి కదపకుండా వదిలేస్తే మర్నాటికి మెత్తటి మట్టిగా అడుగుకు చేరుతుంది. పైనీళ్ళు, మట్టి కలిపి చెట్ల మొదట్లో పోయండి. తులసి కోటలో మాత్రం వద్దు.

తీసిన పత్రిని వీధిలో వేయకండి. పండుగ మర్నాడు చెత్తకుప్పల దగ్గర ఆవులు ఆ ఆకులే మేస్తుంటాయి. గన్నేరు కాసిని ఆకులు తిన్నా పశువు ప్రాణం పోతుంది. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఏరి జానెడు లోతు గుంట తీసి పూడ్చేయండి. మిగతావి ఎరువు కుండీలో వేసుకోవచ్చు. పాలవెల్లికి కట్టిన కాయలు ఇంటిల్లిపాదీ పంచుకుని తినవచ్చు. వెలగకాయ మాత్రం గట్టి నేల మీద వేసి చూడండి: బంతిలా ఎగిరితే ఇంకా పచ్చిదే, పచ్చడికి పనికొస్తుంది. చట్రాన్ని తుడిచి రెండు రోజులు గాలికి ఆరబెట్టి అటకెక్కించండి. పసుపు తడి ఉండగా చుట్టిపెడితే వచ్చే ఏటికి చెక్క బూజు పట్టి ఉంటుంది.